అరగంట కూర్చోమన్నారు, ఇరవై రోజుల మాట చెప్పలేదు

2021 మే నెలాఖరులో మా పిన్నిని గాజువాక వైపు ఒక టీకా కేంద్రానికి తీసుకెళ్లాను. కోవిషీల్డ్ మొదటి డోసు. సూది వేశాక నర్సమ్మ "అరగంట ఇక్కడే కూర్చోండమ్మా, కళ్లు తిరిగినా, దద్దుర్లు వచ్చినా పిలవండి" అని చెప్పి, జ్వరమొస్తే వేసుకోమని పారాసెటమాల్ ఇచ్చింది. ఆ అరగంట ఎందుకో తర్వాత తెలిసింది. మందు ఒంటికి పడక ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన ఎలర్జీ చాలావరకు ఆ కాసేపట్లోనే బయటపడుతుంది.

అప్పటికే, మే 17న, కేంద్ర ఆరోగ్యశాఖ ఇంకో గడువు ప్రకటించింది, ఇది రక్తం గడ్డకట్టే ముప్పు గురించి. కోవిషీల్డ్ వేయించుకున్న 20 రోజుల్లోపు ఆయాసం, గుండెల్లో నొప్పి, కాలో చెయ్యో వాయడం, తగ్గని కడుపునొప్పి, ఎప్పుడూ లేనంత తలనొప్పి, సూది వేసినచోటు దాటి చర్మం మీద ఎర్రటి చుక్కలు, వీటిలో ఏది కనిపించినా వెంటనే చెప్పాలని. ఆ 20 రోజుల మాట మా పిన్నికి ఎవరూ చెప్పలేదు. 2024 ఏప్రిల్ చివర్లో, ఆస్ట్రాజెనెకా టీకాతో రక్తం గడ్డకట్టవచ్చని టీవీలో బ్రేకింగ్ న్యూస్ చూసి ఫోన్ చేసింది: "ఏటిరా, మనకేసిన సూది అదేనా?"

అదే. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ, ఆస్ట్రాజెనెకా తయారుచేసిన టీకానే పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ కోవిషీల్డ్ పేరుతో ఇక్కడ చేసింది. మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. మార్చి 11న డెన్మార్క్ ఆ టీకాను ఆపింది. ఏప్రిల్ 7న యూరప్ మందుల సంస్థ, రక్తం గడ్డకట్టడం ఈ టీకాకు చాలా అరుదైన దుష్ఫలితమని నమోదు చేసింది. అదే వారంలో జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ నుంచి ఆండ్రియాస్ గ్రైనాకర్ బృందం, నార్వే వైద్యులు కారణం బయటపెట్టారు.

ఆ కారణం విశాఖవాసులకు సులువుగానే అర్థమవుతుంది. వానలు పడి డెంగీ వచ్చిందంటే మన ఇళ్లలో మాటలన్నీ ప్లేట్‌లెట్ల మీదే. అవి పడిపోతే రక్తస్రావమవుతుందని భయపడతాం. ఇక్కడ జరిగేది తలకిందులు. టీకా తర్వాత కొద్దిమంది ఒంట్లో పీఎఫ్4 అనే ప్రొటీన్ మీద యాంటీబాడీలు పుడతాయి. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి. రెచ్చిపోయిన ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని మెదడు సిరల్లో, పొట్టలోని సిరల్లో గడ్డలు కడతాయి. అలా ఖర్చైపోబట్టే రిపోర్టులో లెక్క తగ్గి కనిపిస్తుంది. గడ్డలకు మామూలుగా ఇచ్చే హెపారిన్ మందు ఇక్కడ ఇవ్వొద్దని అప్పట్లో వైద్యులను హెచ్చరించారు. డాక్టరు ముందుగా "టీకా ఎప్పుడు వేయించుకున్నారు?" అని అడగాలి. అడిగితే చెప్పాలన్న ఎరుక రోగికీ ఉండాలి. 20 రోజుల మాట ఇంటింటికీ చేరాల్సింది అందుకే.

మే 17 ప్రకటనలోనే అంకెలూ ఉన్నాయి. టీకా దుష్ఫలితాలను చూసే జాతీయ కమిటీ తీవ్రమైన 498 కేసులు పరిశీలించి, 26 కేసుల్లో గడ్డకట్టే సమస్య ఉండొచ్చని తేల్చింది. 10 లక్షల డోసులకు 0.61 చొప్పున. బ్రిటన్‌లో 4, జర్మనీలో 10 అని కూడా అదే ప్రకటన చెప్పింది. కోవాగ్జిన్‌తో ఇలాంటి కేసులు కనిపించలేదంది. అయితే ఇవి కమిటీ దాకా వెళ్లిన కేసులు. పాడేరు కొండల్లో ఎవరికైనా తలనొప్పితో ప్రాణం పోతే అది టీకా ఖాతాలో చేరుతుందని నేను అనుకోను. అయినా ఆ లెక్క పదింతలైనా ప్రమాదం అరుదే, కోవిడ్ సోకితే రక్తం గడ్డకట్టే ముప్పు అంతకంటే చాలా ఎక్కువ. పిన్నిని ఇవాళ మళ్లీ తీసుకెళ్లాల్సి వచ్చినా తీసుకెళ్తాను.

ఆ ప్రకటన ఎందుకు వినపడలేదో చెప్పడం కష్టం కాదు. అప్పుడు విశాఖలో కేజీహెచ్, విమ్స్ ఆసుపత్రుల పేర్లు వింటే మంచం దొరుకుతుందా అన్నదే ప్రశ్న. ఏప్రిల్ 22న మన స్టీల్ ప్లాంటు నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లతో రైలు మహారాష్ట్రకు కదిలింది. ఊపిరి కోసం పరుగెడుతున్న జనానికి 10 లక్షల్లో ఒకరి సంగతి చెప్పి బెదరగొట్టడం ఎందుకనుకుని ఉంటారు. ఆ ఆలోచన తప్పని నా నమ్మకం. బ్రిటన్ మే 7నే 40 ఏళ్ల లోపువారికి వీలైతే వేరే టీకా ఇవ్వాలని బాహాటంగా చెప్పింది, టీకాలు ఆగిపోలేదు.

మనకు ఇలాంటి పాఠం అప్పటికే ఒకటి ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను పరిశీలనగా వేశారు. ఏడుగురు చనిపోయారని గొడవై 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. కానీ హాస్టల్ పిల్లల తరఫున చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు పెట్టారని తేలింది. టీకా మీద కంటే ఆ సంతకాల మీదే నమ్మకం ఎక్కువ దెబ్బతింది.

2024లో జరిగిందేమిటంటే, ఫిబ్రవరిలో లండన్ హైకోర్టుకిచ్చిన పత్రంలో, టీకా అత్యంత అరుదుగా ఈ జబ్బు తెప్పించవచ్చని ఆస్ట్రాజెనెకా ఒప్పుకుంది. మూడేళ్ల కిందట యూరప్‌లో టీకా కాగితాల్లో అచ్చయిన సంగతే మనకు రహస్యం బట్టబయలైనట్టు వినిపించింది. ఇక బీచ్ రోడ్డులో వాకింగ్ చేస్తూ ఎవరైనా కుప్పకూలినా "ఆ సూది వల్లే" అన్నారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 47 ఆసుపత్రుల్లో 18 నుంచి 45 ఏళ్లవారి ఆకస్మిక మరణాలను పరిశీలించి, టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని 2023లోనే చెప్పింది. గడ్డలు కట్టే జబ్బు టీకా వేసిన వారాల్లో వచ్చేది, ఏళ్ల తర్వాత వచ్చే గుండెపోటు వేరు.

నిజంగా నష్టపోయినవారి సంగతి మిగిలే ఉంది. 2022 మే 2న సుప్రీంకోర్టు, ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదనీ, దుష్ఫలితాలను జనమూ ప్రైవేటు డాక్టర్లూ నేరుగా నమోదు చేసే వీలుండాలనీ చెప్పింది. బ్రిటన్‌లో 1979 నాటి చట్టం కింద, టీకా వల్ల తీవ్రంగా దెబ్బతిన్నట్టు తేలితే 1,20,000 పౌండ్లు ఇస్తారు. ఇక్కడ టీకా తర్వాత ఒక్కో కూతురిని పోగొట్టుకున్న రెండు కుటుంబాలు పరిహారం అడిగితే, బాధ్యత మాది కాదని, సివిల్ కోర్టుకు వెళ్లవచ్చని 2022 నవంబరులో కేంద్రం అఫిడవిట్ వేసింది.