ఓడ ఎక్కే దగ్గర ఆపే అధికారం ఎక్కడి నుంచి వచ్చింది?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ట్రావెల్స్ ఆఫీసుల్లో కాశీ, షిర్డీ ప్యాకేజీల పక్కన ఇప్పుడు క్రూజ్, అంటే ఓడలో విహారయాత్ర, కూడా చేరింది. ముంబై నుంచి గోవా వైపు, సీజన్‌లో చెన్నై, విశాఖ రేవుల నుంచి, ఇంకాస్త ఖర్చు పెట్టగలిగితే సింగపూర్ నుంచి మూడు నాలుగు రాత్రుల ప్రయాణం. రిటైరైన టీచర్లు, పిల్లలు విదేశాల్లో స్థిరపడిన తల్లిదండ్రులు, పెళ్లిరోజు చేసుకునే జంటలు వీటి గురించి అడుగుతున్నారు. షరతుల కాగితం చూశాక మాత్రం చాలామందికి ఒకటే అనుమానం. కరోనా పోయింది కదా, ఇంకా ఈ హెల్త్ ఫారం దేనికి? డబ్బులన్నీ కట్టించుకున్నాక, జ్వరం ఉందని ఓడ ఎక్కనివ్వకుండా ఎలా ఆపుతారు?

ఆపగలరు. ఆ అధికారం కరోనాతో వచ్చింది కాదు. 1377లో అడ్రియాటిక్ సముద్రతీరంలోని రగూసా నగరం, అంటే ఇవాళ్టి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్, ఒక శాసనం చేసింది. ప్లేగు ఉన్న చోటు నుంచి వచ్చినవాళ్లు ముప్పై రోజులు ఊరి బయట గడిపాకే లోపల అడుగు పెట్టాలన్నది దాని సారాంశం. తర్వాత ఇతర రేవులూ ఇదే దారి పట్టాయి, గడువు నలభై రోజుల దాకా పెరిగింది. రోగం ఎలా పాకుతుందో ఎవరికీ తెలియని కాలమది. ఓడలతో పాటు వస్తోందన్న సంగతి మాత్రం జనం కళ్లారా చూశారు.

ఓడకే ఇన్ని నియమాలు ఎందుకో మన దగ్గరి లాంచీని చూస్తే తెలుస్తుంది. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్తే కాసేపట్లో దిగిపోతాం. టికెట్టు, లైఫ్ జాకెట్టు ఉంటే చాలు, ఒంట్లో ఎలా ఉందని ఎవరూ అడగరు. సముద్రం మీద తిరిగే పెద్ద ఓడలో రెండు మూడు వేల మంది అవే హాళ్లలో తింటూ, అవే లిఫ్టుల్లో తిరుగుతూ రోజుల తరబడి ఉంటారు. ఒకరికి వాంతులు మొదలైతే దించడానికి మధ్యలో ఊరుండదు. ఆస్పత్రి అంటే ఓడలో ఉండే చిన్న మెడికల్ సెంటరే.

మన దేశంలో ఈ అధికారానికి మూలం 1896 నాటి బొంబాయి ప్లేగు. దాన్ని ఆపడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం తెచ్చింది. నాలుగైదు సెక్షన్ల చిన్న చట్టమే అయినా అధికారాలు మాత్రం పెద్దవి. అందులోని 2ఎ సెక్షన్ ప్రకారం రేవుకు వచ్చే, రేవు నుంచి పోయే ఏ ఓడనైనా తనిఖీ చేయవచ్చు, నిలిపివేయవచ్చు. ఓడలో వచ్చినవాళ్లనే కాదు, ఎక్కడానికి సిద్ధపడిన మనిషినీ ఆపి ఉంచవచ్చు. 2020 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం కరోనా నిబంధనలు తెచ్చింది కూడా ఈ 1897 చట్టం కిందనే. అప్పుడు మన ఊళ్లో దుకాణాలు మూయించిన చట్టమూ, రేవులో ఓడను ఆపగల చట్టమూ ఒకటే.

ఈ చట్టం దెబ్బ మొదట తగిలింది విహారానికి వెళ్లేవాళ్లకు కాదు, హజ్ యాత్రికులకు. 1874లో హైదరాబాద్ నుంచి వాడి జంక్షన్ మీదుగా బొంబాయికి రైలు కలిసింది. నిజాం రాజ్యం నుంచి మక్కాకు వెళ్లేవాళ్లు సముద్రం చూసేది బొంబాయిలోనే. 1897లో ప్లేగు పేరుతో అక్కడి నుంచి హజ్ ఓడలను ఆపేశారు. అంతకు ముందు నుంచే ఎర్ర సముద్రంలో కమరాన్ అనే దీవి ఉండేది. 1882లో ఒట్టోమన్ ప్రభుత్వం అక్కడ క్వారంటైన్ స్టేషన్ పెట్టింది. హిందుస్థాన్ నుంచి వచ్చే యాత్రికులను దించి, బట్టలు, సామాన్లు శుద్ధి చేసి, రోజుల కొద్దీ ఉంచాకే జెడ్డాకు వదిలేవారు. జీవితమంతా కూడబెట్టుకున్న డబ్బుతో బయల్దేరిన ముసలివాళ్లు ఆ ఎండలో, ఆ దీవిలో పడ్డ కష్టాన్ని తలుచుకుంటే, రూల్ వెనకాల ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడని గుర్తొస్తుంది. ఓడలో హజ్‌కు వెళ్లే ఏర్పాటు 1995 నుంచి ఆగిపోయింది.

1918 ఇన్‌ఫ్లూయెంజా కూడా ఓడలతోనే బొంబాయి రేవులో దిగింది. అక్కడి నుంచి రైలు పట్టాల వెంట దేశమంతా పాకి కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. రేవులో ఆపలేకపోతే సముద్రం లేని ఊళ్లు కూడా మూల్యం చెల్లించాలని తేలింది.

ఒక్కో దేశం ఒక్కో రూల్ పెడితే వ్యాపారం నడవదు కాబట్టి 1851లోనే పారిస్‌లో దేశాలు కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. ఒక శతాబ్దం చర్చల తర్వాత 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉమ్మడి నిబంధనలు తెచ్చింది. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2005లో తిరగరాసి, 2007 జూన్ నుంచి అమలు చేసినవి. వీటి ప్రకారం అడిగిన రేవులో ఓడ కెప్టెన్ ఆరోగ్య ప్రకటన ఇవ్వాలి. ఓడలో ఎవరైనా చనిపోయారా, జ్వరం, విరేచనాలు ఎవరికైనా ఉన్నాయా అన్నీ అందులో రాయాలి. మనం నింపే హెల్త్ ఫారం చివరికి ఆ ప్రకటనకే ఉపయోగపడుతుంది. ఇంకో ముఖ్యమైన మాట కూడా ఆ నిబంధనల్లో ఉంది. ఆరోగ్య కారణం చూపి ఓడను రేవుకు రానివ్వకుండా చేయకూడదు. ఆ రేవులో సౌకర్యం లేకపోతే దగ్గరలోని మరో రేవుకు పంపవచ్చు. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంది. 2020లో దీన్ని ఎవరు పట్టించుకున్నారు?

డైమండ్ ప్రిన్సెస్ కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. బ్రిటన్‌లో రిజిస్టరైన ఓడ, నడిపేది అమెరికా కంపెనీ, ఆగింది జపాన్ రేవులో. జనవరి 25న హాంకాంగ్‌లో దిగిపోయిన ఒక ప్రయాణికుడికి వారం తర్వాత కరోనా అని తేలింది. ఫిబ్రవరి 3న యొకొహామా చేరిన ఓడను అక్కడే ఆపేశారు. లోపల 3,711 మంది. ప్రయాణికులను క్యాబిన్లలో ఉండమన్నారు. కానీ వాళ్లకు భోజనం ఎవరు అందించాలి? ఓడ సిబ్బందే. వాళ్లు ఇరుకు గదుల్లో కలిసి పడుకుంటూ, కలిసి తింటూ, క్యాబిన్ల తలుపులు తడుతూ పని చేశారు. చివరికి 712 మందికి వైరస్ సోకింది. వాళ్లలో దాదాపు సగం మందికి పరీక్ష చేసే సమయానికి ఏ లక్షణమూ లేదు. ఓడ ఎక్కేటప్పుడు థర్మామీటర్ పెట్టి చూస్తే చాలన్న నమ్మకం అక్కడే పోయింది.

ఆ ఓడలో 138 మంది భారతీయులున్నారు. అందులో ప్రయాణికులు ఆరుగురే, మిగతా 132 మంది సిబ్బంది. ఫిబ్రవరి 27న ఎయిరిండియా విమానం 119 మంది భారతీయులను ఢిల్లీకి తెచ్చింది, మనేసర్‌లో మళ్లీ 14 రోజులు ఉంచారు. క్రూజ్ ఆరోగ్య నియమాలంటే ప్రయాణికుడి సౌకర్యం గురించే మాట్లాడుకుంటాం. ఓడలో పళ్లేలు కడిగేవాడు, పక్కలు వేసేవాడు చాలాసార్లు మన దేశం మనిషే. బతుకుదెరువు కోసం బొంబాయి, గల్ఫ్ దారి పట్టడం తెలిసిన పాలమూరుకు ఆ 132 మంది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

అదే నెలలో వెస్టర్‌డామ్ అనే ఓడ రెండు వేల మందికి పైగా మనుషులతో సముద్రంలో తిరిగింది. జపాన్, తైవాన్, ఫిలిప్పీన్స్, గ్వామ్, థాయిలాండ్ వద్దన్నాయి. ఓడలో ఒక్క కేసు కూడా బయటపడలేదు, అయినా భయం. ఫిబ్రవరి 13న కంబోడియా రానిచ్చింది. మార్చి 7న మన మంగళూరు రేవు కూడా ఎంఎస్‌సీ లిరికా అనే ఓడను వెనక్కి పంపింది. దీనికి పూర్తి వ్యతిరేకం సిడ్నీ. మార్చి 19న రూబీ ప్రిన్సెస్ నుంచి సుమారు 2,700 మందిని పరీక్షల ఫలితాలు రాకముందే ఇళ్లకు వదిలేశారు. ఆ ఓడతో ముడిపడిన మరణాలు 28. ఆరోగ్య అధికారులు తీవ్రమైన తప్పులు చేశారని తర్వాత విచారణ తేల్చింది.

అక్కర్లేని చోట తలుపు మూయడం, మూయాల్సిన చోట తెరవడం. దూరదేశాల సంగతి అని అనుకోవడానికి లేదు. 2021 మేలో జోగులాంబ గద్వాల జిల్లా పుల్లూరు చెక్‌పోస్టు దగ్గర, సూర్యాపేట వైపు రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర, ఆంధ్ర నుంచి హైదరాబాద్ ఆస్పత్రులకు వచ్చే అంబులెన్సులను ఆపారు. బెడ్డు ఖాయమైందన్న కాగితం, పాస్ చూపిస్తేనే రానిచ్చారు. దారిలోనే ప్రాణాలు పోయిన వార్తలు వచ్చాయి. హైకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చాకే దారి తెరుచుకుంది. వెస్టర్‌డామ్‌కు జరిగింది అన్యాయమని ఒప్పుకునేవాళ్లం, పుల్లూరులో జరిగినదాన్నీ అలాగే ఒప్పుకోవాలి. రోగాన్ని ఆపే అధికారం ఉన్నవాడికి రోగిని చూసుకునే బాధ్యత కూడా ఉండాలి. చట్టాలన్నీ మొదటిది వివరంగా రాసి, రెండోది అరకొరగా వదిలేశాయి.

అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2020 మార్చి 14న ఓడలు కదలకూడదని ఆదేశించింది. అక్టోబర్ 30న దాన్ని మార్చి, షరతులు నెరవేరిస్తే నడపవచ్చంది. డిసెంబర్‌లో సింగపూర్ నుంచి ఏ దేశంలోనూ ఆగకుండా తిరిగొచ్చే ఓడల్లో ఒకటైన క్వాంటమ్ ఆఫ్ ద సీస్‌లో 83 ఏళ్ల పెద్దాయనకు పాజిటివ్ రావడంతో ఓడ మధ్యలోనే వెనక్కి తిరిగింది. మళ్లీ పరీక్షిస్తే నెగెటివ్ అని తేలింది. అమెరికా రేవుల నుంచి ప్రయాణికులతో పెద్ద ఓడలు మళ్లీ కదిలింది 2021 జూన్ 26న. అప్పటికి టీకా ఉంటేనే ఎక్కనిస్తామని కంపెనీలు పట్టుబట్టాయి. అలా అడగకూడదని ఫ్లోరిడా రాష్ట్రం చట్టం చేస్తే ఒక కంపెనీ కోర్టుకెళ్లి ఆగస్టులో అనుకూలంగా ఉత్తర్వు తెచ్చుకుంది.

టీకా షరతు మనవాళ్లను ఇబ్బంది పెట్టింది ఇక్కడే. కొవాగ్జిన్ తయారైంది హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలో. తెలంగాణలో ఎంతోమంది రెండు డోసులూ అదే వేసుకున్నారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర జాబితాలో చేర్చింది 2021 నవంబర్ 3న. అప్పటిదాకా చాలా దేశాల లెక్కలో వాళ్లు టీకా వేసుకోనివాళ్లే. ఇంకో చిక్కు పేర్లది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, కోవిన్ సర్టిఫికెట్‌లో ఆధార్ పేరు. రెండు కాగితాలూ ఒకే మనిషివని పరాయి రేవులో నమ్మించడం ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకు తెలుసు. తర్వాత కోవిన్‌లో పాస్‌పోర్టు నంబరు జతచేసుకునే, పేరు సరిదిద్దుకునే వీలు వచ్చింది.

మన తీరంలో జలేష్ క్రూజెస్ అనే కంపెనీ 2019లో మొదలై 2020లోనే మూతపడింది. 2021 సెప్టెంబర్‌లో కార్డీలియా అనే మరో కంపెనీ ఓడ ముంబై నుంచి మొదలైంది. 2022 కొత్త సంవత్సరం ట్రిప్‌లో గోవా రేవులో ఉండగా సుమారు రెండు వేల మందికి పరీక్షలు చేస్తే 66 మందికి పాజిటివ్ వచ్చింది. ఓడ ముంబైకి తిరిగి వెళ్లాల్సి వచ్చింది. పండక్కి బయల్దేరినవాళ్లు క్యాబిన్లలో కూర్చుని వెనక్కి వచ్చారు.

సీడీసీ తన క్రూజ్ కోవిడ్ కార్యక్రమాన్ని 2022 జులై 18న ముగించింది. ఆ తర్వాత కంపెనీలు టీకా, పరీక్షల షరతులను దాదాపుగా ఎత్తేశాయి. పాతకాలపు నియమాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఎక్కేముందు వాంతులు, విరేచనాలు, జ్వరం గురించి అడుగుతారు, ఎందుకంటే వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఓడలకు కరోనా కంటే పాత శత్రువు. అమెరికా 1970లలోనే ఓడల పరిశుభ్రతకు తనిఖీలు మొదలుపెట్టింది, 100కి 86 మార్కులు వస్తేనే పాస్. ఇరవై నాలుగో వారం చేరిన గర్భిణులను చాలా కంపెనీలు ఎక్కించుకోవు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా వైపు వెళ్లే ఓడలకు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాల్సి రావచ్చు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఆ టీకా వేస్తారు. వేసుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, 2016 జులై నుంచి జీవితాంతం చెల్లుతోంది. 2024లో సవరించిన అంతర్జాతీయ నిబంధనల్లో మహమ్మారి అత్యవసర స్థితి అనే కొత్త ప్రకటన చేరింది, అవి 2025 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చాయి. రేపు మరో వ్యాధి వస్తే షరతులన్నీ వారం తిరక్కుండా తిరిగి రావచ్చు.

విశాఖవాసిని రేవు దగ్గర ఆపితే ఆటో ఎక్కి ఇంటికి పోతాడు. వనపర్తి నుంచో దేవరకొండ నుంచో రాత్రంతా ప్రయాణించి, హోటల్లో దిగి, సామానుతో రేవుకు చేరిన కుటుంబం పరిస్థితి అది కాదు. ముంబై మనకు సుమారు 700 కిలోమీటర్లు. ఎక్కనివ్వకపోతే డబ్బు ఎంత తిరిగొస్తుంది, కుటుంబంలో ఒకరినే ఆపితే మిగతావాళ్ల టికెట్ల సంగతేంటి, మధ్యలో దించేస్తే ఆస్పత్రి ఖర్చు ఎవరిది, ఇన్సూరెన్స్ అంటువ్యాధిని కవర్ చేస్తుందా? ఇవన్నీ కాంట్రాక్టులో ఉంటాయి, ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో. ఆ పేజీలు అడ్వాన్స్ తీసుకునే రోజే, తెలుగులో, కస్టమర్ చేతికి ఇవ్వాలని మన జిల్లాల ట్రావెల్స్ వాళ్లను అడగాలి. ఇవ్వనివాళ్ల దగ్గర బుక్ చేయకపోవడమే మంచిది.