వైరాగ్యం వచ్చేసిందనుకునేవాళ్లకు: కొన్ని అపోహలు - వాస్తవాలు

యోగా నేర్పిస్తుంటాను కాబట్టి ఈ మాట నాకు తరచూ వినిపిస్తుంటుంది. "దేనిమీదా ఆసక్తి లేదండీ, ఏమీ అనిపించడం లేదు, వైరాగ్యం వచ్చేసినట్టుంది." కొందరు దీన్ని గర్వంగా చెబుతారు, కొందరు భయంభయంగా అడుగుతారు. ఫోన్లలో తిరిగే సూక్తులు చదివి ఇదే సాధనకు ఫలితం అనుకునేవాళ్లు ఎక్కువైపోయారు. అందుకే ఈ పోస్టు.

అపోహ: ఏ భావమూ కలగకపోతే వైరాగ్యం కుదిరినట్టే.

కాదు, ముమ్మాటికీ కాదు. మిగతా అపోహలన్నీ కలిపినా దీనంత నష్టం చేయవు. యోగసూత్రాలు రాసిన పతంజలి, వాటి మొదటి భాగమైన సమాధిపాదం 15వ సూత్రంలో కళ్లతో చూసినవాటి మీదా, చెవులతో విన్నవాటి మీదా తృష్ణ, అంటే కావాలనే దాహం, లేనివాడికి ఉండే వశీకారమే (మనసు తన అదుపులో ఉండటమే) వైరాగ్యం అన్నాడు. పోవాల్సింది తృష్ణ. స్పందన పోవాలని ఆయన ఎక్కడా అనలేదు. అదే పాదం 33వ సూత్రం చూడండి: సుఖంగా ఉన్నవాళ్లతో మైత్రి, బాధలో ఉన్నవాళ్ల మీద కరుణ, మంచి చేసేవాళ్లను చూస్తే సంతోషం, చెడు చేసేవాళ్ల పట్ల ఉపేక్ష అలవరచుకోమంటాడు. ఏమీ అనిపించని మనిషికి కరుణ ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంకా గట్టి ఆధారం 30, 31 సూత్రాల్లోనే ఉంది. సాధనకు 9 ఆటంకాలు చెబుతూ వ్యాధి తర్వాత రెండోదిగా స్త్యానాన్ని పెట్టాడు, అంటే మనసు చచ్చుబడిపోయి ఏ పనిమీదికీ పోకపోవడం. ఆ వెంటనే దుఃఖం, దౌర్మనస్యం (మనసు కుంగిపోవడం), ఒళ్లు వణకడం, ఊపిరి అదుపు తప్పడం ఈ ఆటంకాలతో పాటే వస్తాయన్నాడు. మనవాళ్లు సిద్ధి అని మురిసిపోతున్నదాన్ని ఆయన అడ్డంకుల్లో లెక్కేశాడు.

కాబట్టి ఒక మాట సూటిగా చెబుతాను. రెండు వారాలు దాటినా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటున్నా, ఇష్టమైన పనులు కూడా చప్పగా అనిపిస్తున్నా, నిద్రా ఆకలీ తారుమారైనా, బతికి ఏం లాభం అనే ఆలోచనలు వస్తున్నా అది వైరాగ్యం అనుకుని కూర్చోకండి. అది డిప్రెషన్ కావచ్చు, చికిత్స ఉన్న జబ్బు. ముందు డాక్టర్‌ని కలవండి, చావు ఆలోచనలు వస్తుంటే ఈరోజే వెళ్లండి, ఇంట్లో ఒకరికి చెప్పి తోడు తీసుకెళ్లండి. మందులు వాడుతూ ఆసనాలు, ప్రాణాయామం చేసుకునేవాళ్లు నా దగ్గర చాలామందే ఉన్నారు. మందు వేసుకుంటే సాధన చెడిపోతుందనే పుకారు ఎవరు పుట్టించారో గానీ, దయచేసి దాన్ని మోయకండి.

తల్లి పోయిన కొన్నాళ్లకు ఒకావిడ క్లాసులో చేరారు. ఇంట్లో అందరూ ఆవిడ నిబ్బరాన్ని మెచ్చుకునేవాళ్లట. శవాసనంలో కళ్లు మూసేవారు కాదు, వేళ్లు మ్యాట్ అంచుని గట్టిగా పట్టుకుని ఉండేవి. మూయమని నేను బలవంతపెట్టలేదు, గోడకి ఆనుకుని కూర్చుని ఊపిరి వదలడం ఒక్కటి గమనించమన్నాను. ఒకరోజు అలా కూర్చున్నప్పుడే భోరున ఏడ్చేశారు. తర్వాత కళ్లు తుడుచుకుంటూ, "మాస్టారూ, ఇన్నాళ్లు చేసిందంతా పోయినట్టేనా?" అని అడిగారు. ఆ ప్రశ్న వింటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది. తల్లి కోసం ఏడవడానికి కూడా అర్హత కావాలని ఆవిడ చేత అనుకునేలా చేసిందెవరు? ఏమీ పోలేదమ్మా అన్నాను. ఏడుపొస్తే ఏమవుతుందోనన్న భయాన్ని పట్టుకుని ఉన్నారు, వదలాల్సింది దాన్ని.

అపోహ: తెంచుకుని వచ్చేస్తే వదిలేసినట్టే.

అన్నదమ్ముల ఆస్తి గొడవలో తన వాటా రాసిచ్చేసిన ఒకాయన "నేనెప్పుడో వదిలేశానండీ" అంటుంటారు. అన్న పేరు వస్తే చాలు, దవడ బిగుసుకుంటుంది, ఎవరు ఏ గదిలో కూర్చుని ఏమన్నారో పొల్లుపోకుండా చెబుతారు. భూమి వదిలింది, కోపం వదల్లేదు. సుఖం వెంట పడేది రాగం, దుఃఖాన్ని పట్టుకుని ఉండేది ద్వేషం. యోగసూత్రాల రెండో భాగమైన సాధనపాదంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్న క్లేశాలు, అంటే మనసుని బాధపెట్టేవి, రాగంలాగే ద్వేషమూ కట్టిపడేస్తుంది. ఆయన్ని వెళ్లి అన్నతో కలిసిపొమ్మని నేననను, దూరంగా ఉండటమే మేలైన సందర్భాలుంటాయి. ఆ పేరు విన్నప్పుడు దవడ దగ్గర ఏం జరుగుతోందో గమనించమంటాను, అంతే. హింసపెట్టే మనిషి నుంచి బయటపడాలా వద్దా అని అడిగేవాళ్లకైతే ఒకటే జవాబు, బయటపడండి. వైరాగ్యం పేరుతో దెబ్బలు భరించమని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

ఉద్యోగం మానేసి వస్తాననేవాళ్లు గీత 18వ అధ్యాయం 8వ శ్లోకం ఒకసారి చదవండి. కష్టంగా ఉందని, ఒళ్లు అలుస్తుందని పని మానేయడాన్ని రాజస త్యాగం అంటుంది, దాంతో త్యాగఫలం దక్కదంటుంది.

మిగతావి గబగబా. ఒక్కసారి నిర్ణయం తీసుకుంటే సరిపోతుందా? సరిపోదు. శ్మశానంలోనో, పురిటినొప్పుల్లోనో వచ్చి కాసేపటికే పోయేదాన్ని శ్మశాన వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అని పెద్దలు ఊరికే అనలేదు. అభ్యాసం, వైరాగ్యం రెండూ జంటగా కావాలని సమాధిపాదం 12వ సూత్రం, ఆ అభ్యాసం చాలాకాలం, విడవకుండా, శ్రద్ధగా సాగాలని 14వ సూత్రం. ఫలితం పట్టించుకోకపోతే పని నాణ్యత పడిపోతుందా? పరీక్ష ముందురోజు టెన్షన్‌తో పుస్తకం తెరవలేని పిల్లల్ని అడగండి. అపరిగ్రహం (అవసరానికి మించి పోగేసుకోకపోవడం) అంటే ఇంట్లో వస్తువులు పారేయడమా? కొంతవరకు, కానీ వస్తువులతోనే ఆగితే అది ఇల్లు సర్దుకోవడమే.

ఎలా మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు నేనిచ్చే పని చాలా చిన్నది. ధ్యానంలో కూర్చున్నప్పుడు పక్కన ఫోన్ మోగితే చెయ్యి కదలకముందే లోపల ఒక లాగుడు మొదలవుతుంది, ఛాతీలోనో వేళ్లలోనో తెలుస్తుంది. దాన్ని తిట్టకండి, అణచకండి. నాలుగైదు సార్లు నెమ్మదిగా ఊపిరి వదిలి, అది పెరుగుతోందో తగ్గుతోందో చూడండి. ఆ తర్వాత ఫోన్ తీయాలనిపిస్తే తీయండి, తప్పేం లేదు.