బోర్లించిన చెంబుల కథ

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. సెలవులకు వచ్చినప్పుడు మన ఎర్ర ఎంజీబీ కారు బానెట్ ఎత్తగానే, "బోర్లించిన చెంబుల్లా ఈ రెండూ ఏంటి తాతయ్యా?" అని అడిగారు. వాన అందుకోవడంతో లోపలికి పరుగెత్తాం, జవాబు బాకీ పడిపోయింది.

అవి ఎస్‌యూ కార్బ్యురేటర్లు, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కు అందించేవి. ఇంగ్లండులో స్కిన్నర్ సోదరులు 1910లో పెట్టిన కంపెనీవి. ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. ఎంజీబీని ఆ దేశంలోనే ఆబింగ్డన్‌ అనే ఊళ్లో 1962 నుంచి 1980 వరకు తయారుచేశారు. దాని 1798 సీసీ ఇంజనూ, మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ ఇంజనూ ఒకే కుటుంబానివి. అందుకేనేమో, ఇక్కడ ఈ చలిదేశంలో దీన్ని స్టార్ట్ చేసినప్పుడల్లా నాకు మన ఊరి టాక్సీ స్టాండ్ గుర్తొస్తుంది.

చెంబు లోపల ఒక పిస్టన్, దాని కింద సన్నటి సూది ఉంటాయి. ఇంజన్ గాలిని గట్టిగా లాగితే పిస్టన్ లేస్తుంది, సూదీ లేస్తుంది. సూది కొసకు పోయేకొద్దీ సన్నం కాబట్టి జెట్‌లో, అంటే సూది దిగే పెట్రోల్ రంధ్రంలో, సందు పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. ఇంత తేలికైన ఉపాయం ఇంకో కార్బ్యురేటర్‌లో నేను చూడలేదు.

స్పానర్ పట్టే ముందు అది ఏ రకమో చూడండి. పక్కన విడిగా ఫ్లోట్ గిన్నె (పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె) ఉండి, దాని అడుగు నుంచి ప్లాస్టిక్ పైపు జెట్‌కు వెళ్తుంటే హెచ్‌ఎస్4. గిన్నె కనిపించక, ఫ్లోట్ అడుగునే ఇమిడి ఉంటే హెచ్‌ఐఎఫ్4. మనది మొదటిది. దీనికి మిక్చర్ (పెట్రోల్, గాలి పాళ్లు) మార్చేది జెట్ కింద ఉన్న నట్టు, రెండోదానికి పక్కనున్న స్క్రూ. ఫ్లోట్ మూత మీద నంబరున్న చిన్న అల్యూమినియం బిళ్ల ఉండాలి. చాలా బళ్లలో ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది.

ఈ కారు కొన్న కొత్తలో ఇంజన్ దగ్గుతోందని రెండు ఆదివారాలు ఆ నట్టులే తిప్పాను. తీరా చూస్తే తప్పు ఇగ్నిషన్ కండెన్సర్‌ది! అప్పటి నుంచి ట్యాపెట్లు, ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్ సరిచూశాకే కార్బ్యురేటర్ జోలికి వెళ్తున్నాను.

ఇంజన్ బాగా వేడెక్కాలి. కారు బయటే ఉండాలి, మూసిన షెడ్డులో ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఎయిర్ ఫిల్టర్లు తీసి, రెండు కార్బ్యురేటర్లనూ కలిపే కడ్డీ క్లాంపులు వదులు చేయండి. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి ఆ 'హిస్స్' వినండి. రెండింటిలో చప్పుడు ఒకేలా వచ్చేదాకా థ్రాటిల్ స్క్రూలు (గాలి దారిని సరిచేసేవి) కొద్దికొద్దిగా తిప్పాలి. దీనికి గాలి కొలిచే మీటరు దొరుకుతుంది కానీ నాకు చెవి మీదే నమ్మకం.

తర్వాత పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ని మిల్లీమీటరు కంటే తక్కువే ఎత్తండి. ఇంజన్ స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువైంది, నట్టు పైకి తిప్పాలి. స్పీడు పడిపోతే తక్కువైంది, కిందికి తిప్పాలి. ఒక్క క్షణం కాస్త పెరిగి మళ్లీ మామూలైతే సరిపోయినట్టే. నట్టును ఒకసారికి ఒక్క పలక (నట్టు పక్క ముఖాల్లో ఒకటి) చొప్పునే తిప్పండి. రెండోదానికీ ఇలాగే చేసి, గాలి మళ్లీ వినండి, ఎందుకంటే ఒకటి మారిస్తే రెండోది కదులుతుంది. చివర్లో క్లాంపులు బిగించడం మరవకండి.

ఇంజన్ ఆపాక చెంబుల మూతలు విప్పి, నూనె ఉందో లేదో కూడా చూడాలి. అది లేకపోతే యాక్సిలరేటర్ నొక్కగానే పిస్టన్ ఒక్కసారిగా ఎగిరి, మిక్చర్ పలచబడి బండి తడబడుతుంది.

గొట్టం అటక మీద దాచి ఉంచాను. ఈసారి పెద్దాడు వింటాడు, చిన్నది పిన్ను ఎత్తుతుంది. పాత బట్టలు తెచ్చుకోండి.

మీ తాతయ్య