66 ఆటల ఏడాది

చిరంజీవులు ముగ్గురికీ తాతయ్య ఆశీస్సులు.

పెద్దోడా, ఆదివారం ఫోన్‌లో ఒక ప్రశ్న అడిగావు. మీ డాలస్ బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్ 2011 జూన్‌లో కప్పు గెలిచాక, ఆ పై సీజన్‌లో 82 ఆటలకు బదులు 66 ఆటలే ఎందుకు ఆడారు, కోట్లు తీసుకునే ఆటగాళ్లు సమ్మె ఎందుకు చేశారు అని. అది ఫోన్‌లో తేలే సంగతి కాదు. చెల్లీ తమ్ముడూ కూడా చదువుకుంటారని ముగ్గురికీ కలిపి రాస్తున్నాను.

ముందు ఒక మాట సరిచేసుకోవాలి. వాళ్లు సమ్మె చేయలేదు. పనివాడు పని మానితే సమ్మె. యజమాని గేటుకు తాళం వేసి లోపలికి రావద్దంటే లాకౌట్. మన విజయనగరం వైపు జూట్ మిల్లు కార్మికుల ఇళ్లలో చిన్నపిల్లల్ని అడిగినా ఈ తేడా చెబుతారు. అదే 2011లో మన కోనసీమ రైతులు వరి గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించారు. అది సమ్మె లాంటిది. అమెరికాలో జరిగింది దానికి తలకిందులు. ఎన్‌బీఏలో, అంటే ఆ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, డబ్బు గొడవ వల్ల ఆటలు రద్దయింది రెండే సీజన్లలో, 1998-99లో, 2011-12లో. రెండుసార్లూ తాళం వేసింది యజమానులే.

ఆటగాళ్ల సంఘానికీ యజమానులకూ మధ్య ఉన్న ఒప్పందం 2011 జూన్ 30 అర్ధరాత్రితో ముగిసింది. జూలై 1న తాళం పడింది. మావెరిక్స్ గెలిచి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. ఆ రోజు నుంచి ఆటగాడు తన జట్టు జిమ్‌లో కాలు పెట్టకూడదు. కోచ్ ఆటగాడితో మాట్లాడకూడదు, మాట్లాడితే జరిమానా. జట్ల వెబ్‌సైట్ల నుంచి ఆటగాళ్ల ఫొటోలు కూడా తీసేశారు. కప్పు తెచ్చిపెట్టిన డర్క్ నోవిట్‌స్కీ బొమ్మ కూడా కనబడకుండా పోయింది.

ఎందుకొచ్చింది ఇదంతా అంటే, మిమ్మల్ని కళ్లం దగ్గరికి తీసుకెళ్లాలి.

మా చిన్నతనంలో పొలం పాలికిచ్చే పద్ధతి ఉండేది. భూమి ఒకరిది, పండించేది ఇంకొకరు. కుప్ప నూర్చి, తూర్పారబట్టి, రాశి పోశాక పంపకం. కొలిచే మనిషి కుంచం నింపి, పైన అరచేత్తో చదును చేసి, పోస్తూ గట్టిగా లెక్క చెబుతాడు. ఒకటి అనడు, ‘లాభం’ అంటాడు. తర్వాత రెండు, మూడు. ఏడు వచ్చేసరికి ఆ మాటలో ఏడుపు ఉందని ‘ఆరున్నొకటి’ అంటాడు. రాశికి అటు భూమి గలాయన, ఇటు పండించినవాడు, ఇద్దరూ కుంచం మీంచి చూపు తిప్పరు. చీకటి పడితే లాంతరు వెలుగులో కూడా కొలత సాగేది.

పేచీ ఎక్కడ వచ్చేదో తెలుసా? సగమా, మూడో వంతా అన్న దగ్గర తక్కువే. కొలతకు ముందు ఏమేం తీసేయాలన్న దగ్గరే ఎక్కువ. విత్తనాల ఖర్చు ముందు తీయాలా? కమ్మరికీ వడ్రంగికీ ఇచ్చే మేర ఎవరి వాటాలోంచి పోవాలి? గడ్డి ఎవరికి? కళ్లం ఊడిస్తే వచ్చే మట్టిగింజలు ఎవరికి? రాశి అంటే ఏది అన్నది తేలితేనే సగానికి అర్థం.

ఎన్‌బీఏలో ఆ రాశి పేరు ‘బాస్కెట్‌బాల్ సంబంధిత ఆదాయం’. టికెట్లు, టీవీ హక్కులు, ప్రకటనలు, ఆట రోజు తినుబండారాల అమ్మకం, పార్కింగ్, అన్నీ అందులో పడతాయి. కొత్త జట్టు లీగ్‌లో చేరడానికి కట్టే రుసుము పడదు. ఎవరైనా తన జట్టును అమ్ముకుంటే వచ్చే డబ్బూ పడదు. రాశిలో ఆటగాళ్ల వాటా ఇంత అని మొదటిసారి కాగితం మీద రాసుకున్నది 1983లో, అప్పుడు 53 శాతం. జట్టు జీతాలకు పైపరిమితి కూడా ఆ ఒప్పందంతోనే వచ్చింది. 2011 నాటికి ఆటగాళ్ల వాటా 57 శాతానికి చేరింది.

2010-11లో రాశి సుమారు 380 కోట్ల డాలర్లు. ఆ ఏడాది మాకు 30 కోట్ల డాలర్లు నష్టం, 30 జట్లలో 22 నష్టంలోనే నడుస్తున్నాయి అన్నారు యజమానులు. 57ను 50కి దించమన్నారు. ముందు కొన్ని ఖర్చులు తీసేసి, మిగిలిందే పంచుకుందామన్న మాట కూడా చర్చల్లో వచ్చింది. విత్తనాల ఖర్చు పేచీ గుర్తొచ్చిందా? పెద్దోడా, నువ్వు లెక్క కట్టు. ఒక శాతం అంటే 3.8 కోట్ల డాలర్లు. ‘ఆరున్నొకటి’ శాతం అంటే 26 కోట్ల పైచిలుకు. వాళ్లు చెప్పిన నష్టంలో చాలా భాగం ఆటగాళ్ల వాటాలోంచే పూడ్చుకోవాలన్నది వాళ్ల ఆలోచన.

ఆటగాళ్ల జవాబు కూడా కళ్లం దగ్గర వినబడేదే. నష్టమంటున్నారు, మరి చేను ధర ఎందుకు పెరుగుతోంది? 2010లో గోల్డెన్ స్టేట్ వారియర్స్‌ను 45 కోట్ల డాలర్లకు కొన్నారు. ఆ తర్వాత 2014లో లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్ 200 కోట్లకు అమ్ముడుపోయింది. జట్టు కొన్న ధరనే ఏటా కొంత అరుగుదలగా పుస్తకాల్లో రాసి నష్టం చూపించడం కుదురుతుందని కూడా వాళ్లు ఎత్తి చూపారు. ఇంకోటి, పెద్ద నగరాల జట్లకు స్థానిక టీవీ డబ్బు పొంగిపొర్లుతుంటే చిన్న ఊళ్ల జట్లు ఎండుతున్నాయి. కాలువ ఎగువన నీళ్లు నిలిచి శివారు చేలు బీటలు వారితే ఎగువా దిగువా రైతులు వంతులు వేసుకోవాలి గానీ, కూలీ దగ్గర కోతపెడితే ఎలా? ఈ మాటలో చాలా న్యాయం ఉందని నా అభిప్రాయం. చివరికి జట్ల మధ్య ఆదాయం పంచుకోవడాన్ని కూడా అప్పుడే బాగా పెంచారు.

చెల్లి ఒకటి అడుగుతుంది, నాకు తెలుసు. గేటుకు తాళం వేస్తే యజమానికీ నష్టమే కదా అని. అందుకే జూలైలో వేశారు. కౌలు మాటలు ఎప్పుడు తెముల్చుకుంటారు? వేసవిలో, ఏరువాకకు ముందు. చేలో ఏమీ ఉండదు కాబట్టి భూమి గలాయనకు తొందర లేదు. అదే కోతల వేళ, మబ్బు పట్టినప్పుడు, కూలీలు గట్టు మీద కూర్చుని రేటు తేలిస్తేనే దిగుతామంటే ఆయన పరుగెత్తుకొస్తాడు. ఎన్‌బీఏలో కోతల కాలం ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ప్లేఆఫ్స్, అంటే మామూలు సీజన్ అయ్యాక కప్పు కోసం జరిగే పోటీలు. ఆటగాళ్ల జీతాలు మామూలు సీజన్‌కే లెక్క. యజమానులకు అప్పుడే టీవీ పంట చేతికొస్తుంది. ఒప్పందం లేకుండా సీజన్ మొదలుపెడితే ఆటగాళ్లు సరిగ్గా ఏప్రిల్‌లో గట్టు మీద కూర్చుంటారు. ఆ భయంతోనే తాళం వేసవిలో పడింది.

ఆటగాళ్లు అలా కోతల వేళ గట్టు మీద కూర్చున్న రోజు ఒకటుంది. 1964 జనవరి 14, బోస్టన్. ఆ రోజు ఆల్‌స్టార్ ఆట, అంటే లీగ్‌లోని మేటి ఆటగాళ్లు రెండు జట్లుగా ఆడే ఆట. బయట మంచు తుఫాను. రెండు వైపులా కలిపి 20 మంది ఆటగాళ్లు. బిల్ రస్సెల్, విల్ట్ చాంబర్లెయిన్, ఆస్కార్ రాబర్ట్‌సన్, జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్, అందరూ ఆ ఒక్క గదిలోనే ఉన్నారు. బాబ్ కూజీ 1954లో సంఘం పెట్టాడు గానీ పదేళ్లయినా యజమానులు పింఛను మాట తేల్చలేదు. టీవీలో ఆట మొదలవడానికి కాసేపు ముందు, పింఛను సంగతి తేలితేనే బయటికొస్తామని తలుపు వేసుకున్నారు. బేలర్, వెస్ట్‌ల జట్టు యజమాని వెంటనే బయటికి రమ్మని కబురు పంపాడు. వాళ్లు కదల్లేదు. ఆఖరికి లీగ్ అధ్యక్షుడు వాల్టర్ కెనెడీ మాటిచ్చాకే కోర్టులోకి దిగారు. ఈనాటి ఆటగాడి పింఛను ఆ గదిలోంచి వచ్చింది. ఆ 20 మందీ అప్పటికే పేరున్నవాళ్లు. తమకన్నా వెనక వచ్చేవాళ్ల కోసం నిలబడ్డారు. నేను మీకు నేర్పాలనుకునే బుద్ధి ఏదైనా ఉంటే అది ఇదే, బలం ఉన్నవాడు బలం లేనివాడి తరఫున అడగాలి.

మళ్లీ 2011కి వద్దాం. ఆగస్టు, సెప్టెంబరు గడిచాయి. నవంబరు ఆటలు రద్దు, తర్వాత డిసెంబరు 15 దాకా ఉన్నవి కూడా. నవంబరు 15న మొదటి జీతం రావాలి, రాలేదు. కొందరు బయటి దేశాలకు వెళ్లారు. డెరన్ విలియమ్స్ టర్కీలో బెషిక్తాష్ క్లబ్‌లో చేరాడు, తాళం తీయగానే తిరిగి రావచ్చని ఒప్పందంలో రాయించుకున్నాడు. చైనా వెళ్లినవాళ్లకు ఆ వీలు లేదు. అక్కడి లీగ్ అలాంటి షరతు ఒప్పుకోలేదు. అందుకే జె.ఆర్. స్మిత్, విల్సన్ చాండ్లర్ లాంటివాళ్లు, అమెరికాలో ఆటలు మొదలైనా అక్కడి సీజన్ అయ్యేదాకా చిక్కుబడిపోయారు.

నవంబరు 14న ఆటగాళ్లు విచిత్రమైన పని చేశారు. తమ సంఘాన్ని తామే రద్దు చేసుకున్నారు. ఇది కాస్త జాగ్రత్తగా వినండి. 30 మంది యజమానులు ఒకచోట కూర్చుని, జీతాలు ఇంతకు మించకూడదని కట్టుబాటు చేసుకోవడం అమెరికాలో మామూలుగా చట్టవిరుద్ధం. సంఘంతో బేరం జరుగుతున్నంతకాలం ఆ చట్టం వాళ్ల జోలికి రాదు. సంఘమే లేదంటే ఆ గొడుగు పోతుంది, ఆటగాళ్లు విడివిడిగా కోర్టుకెక్కవచ్చు. ఎక్కారు కూడా. ఇంక సీజన్ మొత్తం పోయినట్టేనని అందరూ అనుకున్నారు. పన్నెండు రోజులకు, నవంబరు 26 తెల్లవారుజామున, న్యూయార్క్‌లో రాజీ కుదిరింది. డిసెంబరు 8న సంతకాలయ్యాయి. మొత్తం 161 రోజులు.

ఆటగాళ్ల వాటా మొదటి ఏడాది 51 శాతం చిల్లర, ఆ తర్వాత రాశిని బట్టి 49 నుంచి 51 మధ్య. అంటే యజమానులు అడిగినదానికి దగ్గరగానే ముగిసింది. కొలత తప్పకుండా ఒక ఏర్పాటు ఉంది, అది నాకు బాగా నచ్చుతుంది. ప్రతి ఆటగాడి జీతంలో పదో వంతు ముందే పక్కన పెడతారు. ఏడాది చివర రాశి కొలిచి, జీతాల మొత్తం వాటాను మించితే మించినంత అందులోంచి యజమానులకు వెళ్తుంది, మిగిలింది ఆటగాళ్లకు తిరిగొస్తుంది. జీతాలు వాటాకు తక్కువ పడితే, తక్కువైనంత యజమానులు ఇవ్వాలి. కుంచం ఇద్దరి కళ్లముందూ ఉన్నట్టే.

1998-99లో పేచీ వేరు. అప్పుడు తాళం తీసేసరికి జనవరి వచ్చింది, ఆ సీజన్ 50 ఆటలే. ఒక్కో ఆటగాడి జీతానికి పైపరిమితి అప్పుడే పెట్టారు.

ఇప్పుడు నీ 66 సంగతి. ఒక్కో జట్టుకు 16 ఆటలు పోయాయి, లీగ్ మొత్తం మీద 240. జీతాలు కూడా 82లో 16 వంతులు తెగ్గోశారు. ఏడాదికి 50 లక్షల డాలర్లు తీసుకునేవాడికి దాదాపు 9 లక్షల 75 వేలు పోయాయి. కొత్తగా చేరి 4 లక్షల 73 వేలతో మొదలుపెట్టిన కుర్రాడికి 92 వేలు. చాలామంది ఆట నాలుగైదేళ్లలో అయిపోతుంది, ఆ డబ్బు మళ్లీ సంపాదించే ఏడాది రాదు. మిగిలిన 66 ఆటలను డిసెంబరు 25 నుంచి ఏప్రిల్ 26 దాకా 124 రోజుల్లో కుక్కారు. ప్రతి జట్టూ కనీసం ఒక్కసారైనా వరసగా మూడు రాత్రులు ఆడాల్సి వచ్చింది. మావెరిక్స్ వాళ్లు క్రిస్మస్ రోజున సొంత కోర్టులో చాంపియన్ జెండా ఎగరేశారు. ఉంగరాలు మాత్రం జనవరిలో గానీ చేతికి రాలేదు.

ఇక నా కళ్లం పోలిక ఒకచోట చాలదు. మా ఊళ్లో కమ్మరికీ వడ్రంగికీ రాశిలోంచి మేర కొలిచేవాళ్లు. అరేనాలో పనిచేసేవాళ్లకు అలా కొలిచే కుంచం లేదు. వాళ్లలో చాలామందికి ఆట ఉన్న రాత్రికే కూలి. సొంత కోర్టులో 41 ఆటలు జరగాల్సింది 33 జరిగాయి. వాళ్లకు ఎనిమిది రాత్రుల కూలి పోయింది. 57 అన్నా 50 అన్నా, అందులో వాళ్ల వంతు లేదు.

ఈసారి మీ నాన్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లినప్పుడు, కారు ఆపిన చోటు నుంచి మీ సీటు దాకా ఎంతమంది పనివాళ్లు ఎదురయ్యారో లెక్కపెట్టండి. పార్కింగ్‌లో జెండా ఊపేవాళ్లు, టికెట్టు స్కాన్ చేసేవాళ్లు, పాప్‌కార్న్ పోసేవాళ్లు, వరస చూపించేవాళ్లు. ఆటగాడు జారిపడితే బుట్ట కింద చెమట తుడవడానికి తుండుతో పరుగెత్తే పిల్లల్ని కూడా మరచిపోవద్దు. చిన్నోడు వేళ్లు ముడుస్తాడు, చెల్లి కాగితం మీద గీతలు గీస్తుంది. ఎంత వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య