అరవై నాలుగు బైట్ల చీటీ

అలిపిరి నుంచి నడిచి కొండెక్కే భక్తులు తమ సామాను కింద కౌంటరులో అప్పగిస్తే, అక్కడివారు సంచికి ఒక చీటీ తగిలించి వాహనంలో పైకి పంపుతారు. సంచిలో ఏముందో చేరవేసేవారికి తెలియనక్కరలేదు, చీటీ చదవగలిగితే చాలు. ఎంబెడెడ్ ప్రాసెసర్లలో, అంటే పరికరాల్లో ఇమిడి ఉండే ప్రాసెసర్లలో, కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టం మూలభాగాన్ని) మెమరీలోకి చేర్చి నడిపించే ప్రోగ్రాం బూట్‌లోడర్. కెర్నల్ ఉన్న ఫైలును ఇమేజి అంటారు, దాని మొదట్లో బూట్‌లోడర్ కోసం ఉండే అలాంటి చీటీయే ఇమేజి హెడర్.

యూ-బూట్ అనే బూట్‌లోడర్ పాత పద్ధతి ఇమేజిలో ఈ హెడర్ సరిగ్గా 64 బైట్లు. ఫైలును, బైట్లను ఉన్నవున్నట్టు అంకెల్లో చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే అన్నిటికన్నా ముందు 27 05 19 56 అనే నాలుగు బైట్లు కనిపిస్తాయి. ఆ గుర్తు లేని ఫైలును బూట్‌లోడర్ ఈ తరహా ఇమేజిగా ఒప్పుకోదు. ఆ తరువాత హెడర్ సీఆర్‌సీ (బైట్లు చెడలేదని సరిచూసుకునే లెక్క), తయారైన సమయం, డేటా పరిమాణం, లోడ్ అడ్రస్ (కెర్నల్ మెమరీలో చేరాల్సిన చోటు), ఎంట్రీ పాయింట్ (నడక మొదలయ్యే చోటు), డేటా సీఆర్‌సీ నాలుగేసి బైట్ల చొప్పున వస్తాయి. ఆపరేటింగ్ సిస్టం, ప్రాసెసర్ రకం, ఇమేజి రకం, కుదింపు పద్ధతి ఒక్కో బైటుతో సరిపెట్టుకుంటాయి. మిగిలిన 32 బైట్లు పేరుకు.

ఇందులో నాకు ముచ్చటగా తోచేది హెడర్ సీఆర్‌సీ. హెడర్ మొత్తానికి కట్టిన లెక్క ఆ హెడర్‌లోనే ఉండాలి కదా, మరి దాన్ని రాయగానే లెక్క మారిపోదా? అందుకే ఆ నాలుగు బైట్లనూ సున్నాలుగా భావించి లెక్కకట్టి, వచ్చిన ఫలితాన్ని వాటి స్థానంలో రాస్తారు, సరిచూసేటప్పుడూ అంతే. అయితే సీఆర్‌సీ పట్టుకునేది పొరపాటున చెడిన బైట్లనే, కావాలని మార్చినవాడు కొత్త లెక్క కూడా రాసేయగలడు. ఫిట్ అనే తరువాతి తరహా ఇమేజిలో డిజిటల్ సంతకానికి చోటు కల్పించింది ఇందుకే.

ఒకసారి చిత్తూరులో ఒక డిప్లొమా విద్యార్థి తన బోర్డు తెచ్చి చూపించాడు. సీఆర్‌సీ సరిపోయిందని తెరమీద వస్తోంది, ఆ వెంటనే కుదింపు విప్పే చోట బోర్డు ఆగిపోతోంది. చూస్తే, జీజిప్ అనే పద్ధతిలో కుదించిన ఫైలును అతడు మెమరీ కార్డు నుంచి 80008000 అడ్రసులోకి చదివించాడు, హెడర్‌లోని లోడ్ అడ్రసూ అదే. విప్పిన కెర్నల్ ఇంకా చదవని కుదింపు డేటా మీదే పరుచుకుంటూ పోయింది. హెడర్‌లో తప్పేమీ లేదు. కెర్నల్ ఎక్కడికి చేరాలో చెప్పడమే దాని పని, ఫైలు ప్రస్తుతం ఎక్కడ దిగిందో దానికి తెలియదు. ఫైలును 82000000 దగ్గరికి చదివించమన్నాను, బోర్డు లేచింది.