ఇంజన్ వెనుక దాగిన బిళ్ల

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మొన్న మీరు షెడ్డుకు వచ్చినప్పుడు, జీపు గేర్‌బాక్సు దింపి ఇంజన్ వెనుక టార్చి వేసి ఏం చూస్తున్నానని అడిగారు. చేతిలో పని ఉండి అప్పుడు చెప్పలేకపోయాను. నేను చూసింది నీళ్లు కారుతున్న ఒక చిన్న బిళ్లను.

ఇంజన్ బ్లాకును, అంటే సిలిండర్లుండే పెద్ద ఇనుప దిమ్మను, పోత పోసేటప్పుడు, లోపల నీళ్లు తిరిగే దారుల కోసం అచ్చులో కోర్లు, అంటే ఇసుకతో చేసిన దిమ్మలు, నిలబెడతారు. ఇనుము చల్లారాక ఆ ఇసుకను తీయడానికి వీలుగా మిగిలే గుండ్రటి రంధ్రాలను చిన్న గిన్నెల్లాంటి బిళ్లలతో బిగించి మూస్తారు. వాటిని కోర్ ప్లగ్గులంటారు. చలి దేశాలలో ఫ్రీజ్ ప్లగ్గులనడమూ ఉంది. నీరు గడ్డకడితే పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది కాబట్టి, ఆ ఒత్తిడికి బిళ్ల ఊడి బ్లాకు పగలకుండా ఆగుతుందని కొందరి నమ్మకం, కానీ బిళ్ల కదలకముందే బ్లాకు చీలిపోవచ్చు. మన ఊళ్లలో ఆ బిళ్లకు శత్రువు తుప్పు. కూలెంటు (ఇంజన్‌ను చల్లబరిచే, తుప్పు పట్టనివ్వని ద్రవం) లేకుండా ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే బిళ్ల లోపలి నుంచి తినేసుకుపోతుంది.

ఆ జీపుకు గేర్‌బాక్సును ఇంజన్‌కు కలిపే గంట ఆకారపు తొడుగు అడుగున గోధుమరంగు నీటి చుక్క వేలాడుతూ కనిపించింది. అడ్డుగా ఉన్న క్లచ్చు, ఫ్లైవీలు (ఇంజన్ వెనుక తిరిగే బరువైన చక్రం) విప్పి చూస్తే బిళ్ల మీద నువ్వుగింజంత రంధ్రం ఉంది. గేర్‌బాక్సు దింపకుండా సందులోంచి రబ్బరు ప్లగ్గు దూర్చి బోల్టుతో బిగించే పద్ధతి ఉంది గానీ, చేయి సరిగా అందని చోట నేను దానిని దారి మధ్యలో ఆగిన బండికే వాడతాను.

నీళ్లన్నీ వదిలేశాక, బిళ్ల ఒక అంచు మీద పంచి అనే ఇనుప కడ్డీని ఆనించి మెల్లగా కొట్టాలి. అప్పుడది అడ్డం తిరుగుతుంది, పట్టకారుతో బయటికి లాగవచ్చు. గట్టిగా కొడితే వెనుకనే ఉన్న సిలిండరు గోడకు దెబ్బ తగలవచ్చు, లేదా బిళ్ల నీటి దారిలో పడిపోతుంది. పని నేర్చుకునే రోజుల్లో నేను అలా ఒకటి లోపల పడేసి, మధ్యాహ్నమంతా అయస్కాంతంతో వెతికాను.

తరువాత రంధ్రం గోడను ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, వేలితో తడిమి చూడాలి, ఎందుకంటే చిన్న తుప్పు పొలుసు మిగిలినా అక్కడే మళ్లీ కారుతుంది. కొత్త బిళ్లను పాతదాని కొలతతో కాకుండా రంధ్రం కొలతతో ఎంచాలి. దొరికితే ఇత్తడిదే తేవాలి, అది తుప్పు పట్టదు. అంచుకు పల్చగా సీలెంటు రాసి, గిన్నె నోరు బయటికి ఉండేలా పెట్టి, లోపల వదులుగా పట్టే, బోల్టులు విప్పే సాకెట్‌ను ఆనించి నిటారుగా కొట్టాలి. వంకరగా దిగితే దానిని సరిచేయకుండా తీసేసి ఇంకొకటి వేయాలి.

సీలెంటు ఆరాక, గేర్‌బాక్సు ఎక్కించక ముందే, కూలెంటు పోసి ప్రెషర్ టెస్టరుతో రేడియేటరు మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి పెట్టాను. అరగంట ఆగి వేలు ఆనించి చూస్తే బిళ్ల చుట్టూ పొడిగానే ఉంది.

మీ పెదనాన్న