ముల్లు ఎప్పుడు లేస్తోంది? పాత కార్ల హీటింగ్: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ సగం దాటిందంటే విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డు ముందు బానెట్లు ఎత్తిన కార్లు వరస కడతాయి. ఎక్కువగా పాతికేళ్ల నాటి మారుతి 800లు, జెన్‌లు, శాంట్రోలు, అప్పుడప్పుడూ ఒక అంబాసిడర్. వచ్చినాయన మొదట అడిగేది "ఎంతవుతుంది?" అని. నేను మొదట అడిగేది "హీట్ ముల్లు (డాష్‌బోర్డు మీద ఇంజన్ వేడి చూపించే ముల్లు) ఎప్పుడు లేస్తోందండీ?" అని. బండి ఆగి ఉన్నప్పుడా, హైవే మీద పరుగులోనా, పొద్దున్నే స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకేనా? ఈ ఒక్క సంగతి సరిగ్గా చెబితే స్పానర్ పట్టకముందే సగం రోగం తెలిసిపోతుంది.

అపోహ: ఎండలు ఇలా మండుతుంటే పాత బండి వేడెక్కదా మరి?

ఎండ రోగాన్ని తెచ్చిపెట్టదు, బయటపెడుతుంది. రేడియేటర్ నీళ్లను చల్లార్చేది బయటి గాలే. లోపల నీళ్లు 90 డిగ్రీలు, బయట గాలి 28 అనుకోండి, తేడా 62. మే నెలలో గాలి 44 అయితే తేడా 46కి పడిపోతుంది. అంటే అదే రేడియేటర్ సత్తా దాదాపు నాలుగో వంతు తగ్గినట్టు. తయారుచేసేవాళ్లు ఈ లెక్క చూసుకునే సైజు పెడతారు కాబట్టి ఆరోగ్యంగా ఉన్న బండి ఎంత పాతదైనా తట్టుకుంటుంది. సగం గొట్టాలు పూడిపోయిన రేడియేటర్ మాత్రం డిసెంబరులో గుట్టుగా నెట్టుకొచ్చి మేలో దొరికిపోతుంది.

బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ముల్లు లేచి, 60 స్పీడు అందుకోగానే దిగితే లోపం గాలిది. ఫ్యాన్, ఫ్యూజు, రిలే, ఫ్యాన్ స్విచ్, ఏసీ కండెన్సర్‌లో ఇరుక్కున్న దుమ్ము, పురుగులు చూడాలి. ఊళ్లో బాగానే ఉండి హైదరాబాద్ హైవే ఎక్కాక లేస్తే లోపం నీళ్ల పారుదలది. రేడియేటర్ పూడిపోవడం, వాటర్ పంపు రెక్కలు తుప్పు పట్టి అరిగిపోవడం మామూలే. ఇంకోటి చాలామంది చూడరు. కింది హోస్ పైపు మెత్తబడిపోతే, ఇంజన్ రేసు పెంచినప్పుడు పంపు లాగే లాగుడుకి అది లోపలికి నొక్కుకుపోతుంది. ఆపి చూస్తే మళ్లీ గుండ్రంగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉంటుంది. ఇక స్టార్ట్ చేసిన కాసేపటికే లేచిందంటే నీళ్లు తక్కువున్నాయేమో, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే నీళ్లని రేడియేటర్‌కి వదిలే తలుపు లాంటిది) మూసుకుని ఉండిపోయిందేమో, హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ, పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందేమో చూడాలి.

అపోహ: ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఫ్యాన్ బాగున్నట్టే.

కిందటి వేసవిలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు తన మారుతి 800 తెచ్చారు. అప్పటికే మూడు షెడ్లు తిరిగారు. రేడియేటర్ కొత్తది, వాటర్ పంపు కొత్తది, ఫ్యాన్ మోటారూ కొత్తదే. అయినా సిగ్నల్ పడితే చాలు, ముల్లు ఎర్రగీతకి పోతోంది. ఇంజన్ వేడెక్కి ఫ్యాన్ అందుకున్నాక, ఓ దినపత్రిక ముక్క చింపి రేడియేటర్ ముందు పెట్టాను. వెనకున్న ఫ్యాన్ గాలిని లాగుతుంటే కాగితం రేడియేటర్‌కి అతుక్కోవాలి. ఇది నా చొక్కా మీదికి ఎగిరొచ్చింది. మోటారు మార్చినప్పుడు ఎవరో రెండు వైర్లూ అటుదిటు కలిపారు. ఫ్యాన్ ఉల్టా తిరుగుతూ, ఇంజన్ దగ్గరి వేడిగాలిని రేడియేటర్ గుండా ముందుకు తోస్తోంది. వైర్లు మార్చి కలిపాను, అంతే. "ఏమయ్యా, ఇన్ని వేలు పోశాను, ఒక్కరూ కాగితం ముక్క పెట్టి చూడలేదే!" అన్నారు మాస్టారు. వైర్లు మార్చినందుకు ఎంత తీసుకోవాలో నాకూ తోచలేదు, టీ తాగి పంపించాను.

అపోహ: మన ఎండలకి థర్మోస్టాట్ దండగ, పీకేయండి.

నేను పని నేర్చుకునే రోజుల్లో నా చేతులతోనే చాలా పీకాను, కాబట్టి ఎవరినీ తప్పు పట్టను. కానీ అది తీసేస్తే ఇంజన్ వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే బైపాస్ దారిని, అంటే నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే తిరిగే అడ్డదారిని, మూస్తుంది. అలాంటిచోట పీకేస్తే కొంత వేడినీరు రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజన్‌లోకి పోతుంది. చల్లార్చాలనుకున్న పని ఎదురు తిరుగుతుంది.

అనుమానం ఉంటే ఇంట్లోనే పరీక్షించొచ్చు. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ని అడుగుకి తగలకుండా దారంతో వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. ఎన్ని డిగ్రీలకి తెరుచుకోవాలో దాని మీదే కొట్టి ఉంటుంది, చాలా పాత కార్లలో 82. థర్మామీటర్ లేకపోయినా ఫరవాలేదు, నీళ్లు తెర్లేసరికి పూర్తిగా తెరుచుకోకపోతే మార్చేయండి.

అపోహ: కూలంట్ చలిదేశాల వాళ్లకి, మనకి బోరు నీళ్లు చాలు.

పల్నాడు నుంచి వచ్చే బండ్ల రేడియేటర్లు విప్పితే, బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున పట్టినట్టే తెల్లటి పొర కనిపిస్తుంది. ఆ పొర లోపలి వేడిని బయటికి పోనివ్వదు, పైగా గొట్టాల్ని పూడ్చేస్తుంది. కూలంట్ తుప్పు పట్టనివ్వదు, నీళ్ల మరుగు స్థానాన్ని పెంచుతుంది. గాఢమైనది కొంటే డిస్టిల్డ్ వాటర్‌తో డబ్బా మీద రాసిన కొలతలో కలపండి, చాలావరకు సగం సగమే. డబ్బా మొత్తం పోస్తే ఇంకా మంచిదనుకోకండి. నీళ్లు మోసినంత వేడిని చిక్కటి కూలంట్ మోయలేదు.

రేడియేటర్ మూతనీ ఇలాగే చిన్నచూపు చూస్తారు. అది ఉత్త మూత కాదు, ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిది. 0.9 అని (అది ఆపగలిగే ఒత్తిడి అంకె) రాసున్న మూత సరిగ్గా పట్టుకుంటే ఉత్త నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండిపోయిన మూతతో 100కే తెర్లుతాయి. పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్ నిండుతూ, రేడియేటర్‌లో మట్టం తగ్గుతూ ఉంటే ముందు మూత మార్చి చూడండి. అలాగని గట్టిదని 0.9 బదులు 1.1 బిగించొద్దు, పాత పైపులు చిట్లుతాయి.

అపోహ: ముల్లు మధ్యలో ఉందంటే ఇంజన్ చల్లగా ఉన్నట్టే.

నీళ్లన్నీ కారిపోతే సెన్సర్ గాలిలో మిగులుతుంది. అప్పుడు ముల్లు కిందికి కూడా దిగొచ్చు. లేచిన ముల్లు ఉన్నట్టుండి పడిపోయిందంటే సంతోషించకుండా బండి ఆపండి.

అపోహ: రేడియేటర్ నీళ్లలో బుడగలు వస్తే గాస్కెట్ పోయినట్టే.

కొత్తగా నీళ్లు నింపాక కాసేపు బుడగలు రావడం సహజం, లోపల చిక్కుకున్న గాలి అది. పూర్తిగా చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై పైపు రాయిలా గట్టిపడి, బుడగలు ఆగకుండా వస్తుంటే అప్పుడు గాస్కెట్‌ని అనుమానించాలి.

అపోహ: పొగలొస్తే వెంటనే మూత తీసి చన్నీళ్లు కొట్టాలి.

మూత తీస్తే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. కాలిన ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు. ముల్లు లేవడం మొదలైనప్పుడే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టండి. మేలో హీటరా అనకండి, అదీ ఒక చిన్న రేడియేటరే. ఆవిరి కనిపించిందా, పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. పై పైపుని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, మందపాటి గుడ్డ వేసి మూతని మొదటి గాడి వరకే తిప్పి ఆగండి. బుస్సుమనడం తగ్గాక పూర్తిగా తీయండి. కొద్దిగా నీళ్లు పోసి, ఇంజన్ స్టార్ట్ చేసి, అది నడుస్తుండగా మిగతావి సన్నటి ధారగా పోయండి.